మళ్ళీ మళ్ళీ చూడదగ్గ పాత రెజ్లింగ్ మ్యాచ్‌లు: రెండోసారి దేని మీద కన్నేసి ఉంచాలి?

మూడోకౌంట్:
ఎవరు గెలిచారో తెలిసిన మ్యాచ్ మళ్ళీ పెట్టుకుంటే ఒక సుఖం ఉంది. ఫలితం గురించి టెన్షన్ ఉండదు కాబట్టి పనితనం కనపడుతుంది. అందుకని ఈ థ్రెడ్‌లో మ్యాచ్ పేరు రాసి వదిలేయకండి. ఎప్పుడు, ఎక్కడ జరిగింది, రెండోసారి చూసేవాళ్ళు ఏం గమనించాలి, అవి కూడా రాయండి. ఉత్త "కేక", "అరాచకం" కామెంట్లు వద్దు.

బోణీ నాది. రెజిల్‌మేనియా 3 (డబ్ల్యూడబ్ల్యూఎఫ్, అంటే ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ, ఏటా పెట్టే పెద్ద షో), 1987 మార్చి 29, మిషిగన్‌లోని పాంటియాక్ సిల్వర్‌డోమ్. రాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్, ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ (కంపెనీలో రెండో స్థాయి బెల్టు). ఆ రోజు జనం వచ్చింది హల్క్ హోగన్ భారీకాయుడు ఆండ్రేని ఎత్తగలడా లేదా అని. నిలబడిపోయింది మాత్రం పావుగంట కూడా లేని ఈ మ్యాచ్. 1986 చివర్లో సావేజ్ టైమ్‌కీపర్ గంటతో స్టీమ్‌బోట్ గొంతు చితక్కొట్టాడు, కథ అక్కడ మొదలు. మ్యాచ్‌లో సావేజ్ చెయ్యి పదేపదే గొంతు మీదకే ఎలా పోతుందో చూడండి. చివర్లో రెఫరీ పడిపోయాక అదే గంట మళ్ళీ బయటికొస్తుంది. ఈసారి స్టీమ్‌బోట్ పక్షాన వచ్చిన జార్జ్ స్టీల్ అడ్డుపడి సావేజ్‌ని టాప్ రోప్ మీంచి కింద పడేస్తాడు. లేచి స్లామ్ వెయ్యబోయిన సావేజ్‌ని స్టీమ్‌బోట్ స్మాల్ ప్యాకేజ్ పట్టులో చుట్టేస్తాడు. గంటతో గొంతు చితక్కొట్టినవాడు అదే గంట వల్ల టైటిల్ పోగొట్టుకున్నాడన్నమాట.

సావేజ్ ఈ మ్యాచ్ మొత్తాన్ని ముందే కాగితం మీద రాసుకుని, ఫలానా దాని తర్వాత ఏమిటి అని స్టీమ్‌బోట్‌కి పాఠం అప్పజెప్పించుకున్నాడు. ఆ సంగతి తెలిసి చూస్తే, సగం దాటాక వరసగా వచ్చే నియర్ ఫాల్స్ (భుజాలు నేలకి ఆనించి పిన్ చేసినా, రెఫరీ మూడు లెక్కపెట్టేలోపు తప్పించుకోవడం) అంత పకడ్బందీగా ఎందుకున్నాయో అర్థమవుతుంది.

క్రేడిల్_కామేశం:
మంచి బోణీ. స్మాల్ ప్యాకేజ్ మాట వచ్చింది కాబట్టి దాన్నే పట్టుకుని వెళ్తా. స్టీమ్‌బోట్, రిక్ ఫ్లేర్ 1989 త్రయం చూడండి. మూడూ కలిపి ఒకటే కథ.

ఫిబ్రవరి 20, షికాగో, చై-టౌన్ రంబుల్. రెఫరీ టామీ యంగ్ పడిపోయాడు. ఫ్లేర్ కాళ్ళు మెలేసే ఫిగర్ ఫోర్ వెయ్యబోతే స్టీమ్‌బోట్ స్మాల్ ప్యాకేజ్ వేశాడు, ఇంకో రెఫరీ టెడ్డీ లాంగ్ పరిగెత్తుకొచ్చి మూడు కొట్టాడు, టైటిల్ చేతులు మారింది. ఏప్రిల్ 2, న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్, క్లాష్ ఆఫ్ ది ఛాంపియన్స్ 6, మూడింట రెండు ఫాల్స్ (మూడు రౌండ్లలో రెండు గెలిచినవాడే విజేత). మొదటి ఫాల్ ఫ్లేర్‌ది, దేంతో? మళ్ళీ స్మాల్ ప్యాకేజ్. మే 7, నాష్‌విల్, రెజిల్‌వార్. దెబ్బ తిన్న మోకాలితో స్టీమ్‌బోట్ స్లామ్‌కి ఎత్తాడు, మోకాలు మడత పడింది, ఫ్లేర్ పైనుంచి చుట్టేశాడు. 1987లో స్లామ్ వెయ్యబోయినవాణ్ణి చుట్టి గెలిచిన మనిషి రెండేళ్ళకి తను స్లామ్ వెయ్యబోయి అదే పట్టులో ఓడిపోయాడు.

అందరికీ తేలిగ్గా కనపడే పట్టు కాబట్టి దగ్గర్నుంచి చెప్తా. ఒక చేత్తో మెడ చుట్టేయాలి, రెండో చేత్తో అవతలివాడి దూరపు కాలు మోకాలి వెనక నుంచి లాక్కోవాలి, దగ్గరి కాలికి మన కాలు కొక్కెంలా వెయ్యాలి. మూడూ ఒకేసారి పడితేనే మనిషి ఉండలా చుట్టుకుపోతాడు, భుజాలు నేలకి అతుక్కుంటాయి. కాలి కొక్కెం జారిందా, కింద ఉన్నవాడికి తన్నుకునే చోటు దొరుకుతుంది. అప్పుడు వాడు కావాలని పడుకున్నట్టు ఉంటుంది, ఫినిష్ చచ్చిపోతుంది. స్లామ్‌కో ఫిగర్ ఫోర్‌కో వంగినవాడి బరువు అప్పటికే ముందుకి ఉంటుంది. అందుకే ఆ రెండు చోట్లా ఈ పట్టు నమ్మబుద్ధేస్తుంది.

గ్యాలరీ_సీను:
కామేశం గారూ, క్లాష్ మ్యాచ్ 55 నిమిషాలు. అంతసేపు హెడ్‌లాక్ చూడటం మా వల్ల కాదు. మధ్యలో ఎక్కణ్ణుంచి పెట్టుకోవచ్చు?

క్రేడిల్_కామేశం:
సీనూ, మధ్యలోంచి వద్దు. ఫాల్‌కి ఫాల్‌కి మధ్య ఆపుకో. మూడు ముక్కలుగా మూడు రోజులు చూసినా నష్టం లేదు.

హెడ్‌లాక్‌ని ఖాళీ టైమ్ అనుకోవడమే ఇబ్బంది. స్టీమ్‌బోట్ చేతులు బిగించినప్పుడల్లా ఫ్లేర్ విడిపించుకోవడానికి ఒక కొత్త దారి వెతుకుతాడు, అదీ పని చెయ్యదు. జనం గొంతు మెల్లగా పెరుగుతూ ఉంటుంది. పైగా తలలు దగ్గరగా ఉండేది అప్పుడే, తర్వాత ఏం చెయ్యాలో చెప్పుకునేదీ అప్పుడే. సావేజ్ అన్నీ రాసుకొచ్చే రకమైతే ఫ్లేర్ రింగ్‌లోనే అప్పటికప్పుడు అల్లే రకం. ఒకే స్టీమ్‌బోట్ ఇద్దరితోనూ ఆణిముత్యాలు ఇచ్చాడంటే పని వచ్చినవాడు.

రెండో ఫాల్ స్టీమ్‌బోట్‌ది, రెండు చేతులూ వెనక్కి మెలేసే డబుల్ చికెన్‌వింగ్‌తో సబ్మిషన్ (నొప్పికి ఓటమి ఒప్పుకోవడం). మూడో ఫాల్‌లో అదే పట్టుతో వెనక్కి పడి పిన్ చేశాడు. అక్కడ పాజ్ కొట్టి ఫ్లేర్ కాలు చూడు, రోప్ కింద ఉంటుంది. టామీ యంగ్ ఉన్న వైపు నుంచి అది కనపడదు. ఆ కాలు పుణ్యమా అనే నాష్‌విల్ మ్యాచ్‌కి జడ్జీలని పెట్టారు: లూ థెజ్, పాట్ ఓ'కానర్, టెర్రీ ఫంక్. ఇంకోటి, క్లాష్‌లో జిమ్ రాస్ పక్కన కామెంటరీ చెప్పింది ఆ ఫంకే. నాష్‌విల్‌లో బెల్ మోగాక ఆయనేం చేశాడో చూడనివాళ్ళకి చెప్పను, వీడియో ఆపెయ్యకండి చాలు.

షార్ప్‌షూటర్ శారద:
బ్రెట్ హార్ట్ పేరు ఇంకా రాలేదేంటని చూస్తున్నా.

రెజిల్‌మేనియా 10, 1994 మార్చి 20, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. మొదటి మ్యాచ్ బ్రెట్, తమ్ముడు ఓవెన్. ఆఖరి మ్యాచ్ బ్రెట్, యోకోజునా. ఈ రెండూ వరసగా చూడండి, మధ్యలో మిగతావి వదిలేసినా పర్లేదు (ల్యాడర్ మ్యాచ్ తప్ప, అది వదిలితే పాపం). మొదటి మ్యాచ్‌లో బ్రెట్ మోకాలికి దెబ్బ తగులుతుంది, ఓవెన్ దాన్ని వదలడు. ముగింపు చాలా సింపుల్. బ్రెట్ విక్టరీ రోల్ (భుజాలెక్కి దొర్లించి పిన్ చేయడం) కోసం భుజాల మీదకి ఎక్కుతాడు, ఓవెన్ కదలకుండా అలాగే కూర్చుండిపోతాడు, మూడు. ఫినిషర్ (మ్యాచ్ ముగించే సొంత దెబ్బ) లేదు, మోసం లేదు. తమ్ముడు శుభ్రంగా గెలిచాడు, అన్నకి సాకు లేదు. రాత్రి ఆఖర్లో కూడా బ్రెట్ కుంటుతూనే ఉంటాడు. యోకోజునా రోప్స్ మీంచి జారి పడటంతో టైటిల్ వస్తుంది, అందరూ ఎత్తుకుని సంబరం చేస్తుంటే ఓవెన్ దూరంగా నిలబడి చూస్తుంటాడు. తర్వాత కొన్ని నెలల కథకి ఆ ఒక్క షాట్ చాలు.

రెండోది రెజిల్‌మేనియా 13, 1997 మార్చి 23, షికాగో పక్కన రోజ్‌మాంట్. బ్రెట్, స్టీవ్ ఆస్టిన్, సబ్మిషన్ మ్యాచ్, రెఫరీ కెన్ షామ్‌రాక్. మొదలైనప్పుడు బ్రెట్ ఫేస్ (జనం మెచ్చే మంచివాడు), ఆస్టిన్ హీల్ (విలన్). అయ్యేసరికి తిరగబడిపోయింది. ఆ తిరగబడటం ఏ నిమిషంలో జరిగిందో పట్టుకోవడమే రెండోసారి చూడ్డంలో మజా. నా లెక్కలో రక్తం వచ్చినప్పుడు కాదు, అంతకంటే ముందే. కాలు మీద కుర్చీ దెబ్బలు, స్తంభం చుట్టూ ఫిగర్ ఫోర్, బ్రెట్ అవసరానికి మించి కసి చూపిస్తుంటే షికాగో జనం మెల్లగా ఆస్టిన్ వైపు జారుకుంటారు. చివర్లో ఆస్టిన్ షార్ప్‌షూటర్ (కాళ్ళు మెలేసి నడుం విరిచే పట్టు)లో ట్యాప్ అవుట్ చెయ్యడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోడు, స్పృహ తప్పుతాడు. బెల్ తర్వాత బ్రెట్ మళ్ళీ కాలు మీద పడతాడు, షామ్‌రాక్ లాగేస్తే తగువుకి దిగకుండా వెనక్కి తగ్గుతాడు. ఆస్టిన్ తన సాయానికొచ్చిన ఇంకో రెఫరీకి స్టన్నర్ దెబ్బ ఇచ్చి కుంటుకుంటూ పోతాడు. ఆ నడక కూడా మ్యాచ్‌లో భాగమే.

ఆ రక్తం యాక్సిడెంట్ కాదు. అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో బ్లేడింగ్ (కావాలని బ్లేడుతో కోసి రక్తం తెప్పించడం) కుదరదు. అనుమతి అడక్కుండా తనే ఆస్టిన్ నుదురు కోశానని బ్రెట్ తర్వాత చెప్పాడు.

కుర్చీదెబ్బ:
వెంబ్లీ వదిలేశారు మేడమ్. సమ్మర్‌స్లామ్ 1992, బ్రెట్, బ్రిటిష్ బుల్‌డాగ్. ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ మ్యాచ్ స్టేడియం షోని ముగించడం ఎంత అరుదు.

అది అలా ఉంచితే, 1998 జూన్ 28, పిట్స్‌బర్గ్, కింగ్ ఆఫ్ ది రింగ్, అండర్‌టేకర్, మ్యాన్‌కైండ్ (మిక్ ఫోలీ), హెల్ ఇన్ ఎ సెల్, అంటే రింగ్ చుట్టూ కప్పున్న పంజరం. దీన్ని మించింది ఉందా? 16 అడుగుల మీంచి మనిషిని విసిరేశారు.

మూడోకౌంట్:
ఉంది బ్రో. సెల్ మ్యాచ్‌గా చూస్తే 1997 అక్టోబర్ 5, సెయింట్ లూయిస్, బాడ్ బ్లడ్, అండర్‌టేకర్, షాన్ మైకేల్స్. అందులో పంజరం ఒక పాత్ర. మైకేల్స్ పారిపోదామని చూస్తాడు, దారి లేదు. ఎలా తప్పించుకున్నాడో, ఎవరి వల్ల మళ్ళీ లోపలికి రావాల్సొచ్చిందో ప్రతిదానికీ కారణం ఉంది. ఆఖర్లో కేన్ (కథలో అండర్‌టేకర్ తమ్ముడు) తలుపు పీకి వస్తాడు.

పిట్స్‌బర్గ్ మ్యాచ్ గొప్ప సంఘటన, గొప్ప మ్యాచ్ అనను. మొదటి పడటం ప్లాన్ చేసిందే, అనౌన్సర్ల టేబుల్ మీదకి. రెండోది అసలు ప్రమాదం. పైన చోక్‌స్లామ్ (గొంతు పట్టి ఎత్తి పడేయడం)కి పంజరం కప్పు ఒక్కసారిగా ఊడిపోయింది, ఫోలీ రింగ్‌లో పడ్డాడు, వెనకే కుర్చీ వచ్చి మొహం మీద పడింది. మళ్ళీ చూసేటప్పుడు ఆ తర్వాతి రెండు మూడు నిమిషాలు చూడు. టెర్రీ ఫంక్ (అవును, మళ్ళీ ఆయనే) రింగ్‌లోకొచ్చి అండర్‌టేకర్‌కి అడ్డం నిలబడి చోక్‌స్లామ్ తింటాడు, కాళ్ళకున్న బూట్లు ఊడిపోతాయి. ఫోలీ తేరుకోవడానికి టైమ్ కొనిపెట్టడమే ఆ పని. అండర్‌టేకర్ అప్పటికే పాదం విరిగి ఉండి ఆ పంజరం ఎక్కాడు. ఇది తెలిసి చూస్తే పడటాల కన్నా ఈ సర్దుబాటే ఎక్కువ భయపెడుతుంది.

కుర్చీదెబ్బ:
సరే, "గొప్ప సంఘటన" వరకు రాజీ. స్టార్లు లెక్కేసేవాళ్ళ కోసం చెప్తున్నా, మ్యాచ్‌లకి స్టార్లు ఇచ్చే విలేకరి డేవ్ మెల్ట్‌జర్ బాడ్ బ్లడ్‌కి 5 ఇచ్చాక మళ్ళీ డబ్ల్యూడబ్ల్యూఈ మ్యాచ్‌కి 5 ఇచ్చింది 2011 జూలై 17న, మనీ ఇన్ ది బ్యాంక్, పంక్, సీనా. సావేజ్, స్టీమ్‌బోట్‌కి కూడా 5 రాలేదు. కాబట్టి స్టార్లు చూసి మ్యాచ్ ఏరుకోకండి.

మాస్క్_మనోహర్:
పద్నాలుగు నిమిషాల్లో పని కావాలంటే 1997 అక్టోబర్ 26, లాస్ వేగాస్, హాలోవీన్ హావక్. ఎడ్డీ గెరేరో, రే మిస్టీరియో, టైటిల్‌కి ఎదురు మాస్క్ (ఎడ్డీ ఓడితే టైటిల్, రే ఓడితే మాస్క్ పోతుంది). రే వేసుకున్న ఊదా రంగు సూట్‌కీ మాస్క్‌కీ మధ్య ఎడం లేదు, ఎడ్డీ పీకినప్పుడల్లా మొత్తం బట్టే చిరుగుతుంది. ఓడిపోతే పోయేది ఏంటో జనానికి గుర్తు చెయ్యడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు. ఎడ్డీ ఎగిరే పని తక్కువ చేసి నడుం మీద కూర్చుని నొక్కుతూ పోతాడు. అందుకే రే ఎగిరిన ప్రతిసారీ హాలు లేస్తుంది. ముగింపులో ఎడ్డీ టాప్ రోప్ మీంచి విసరబోతే రే గాలిలోనే హరికేన్‌రానా (కాళ్ళతో తల పట్టి తిప్పి పడేయడం)గా మార్చి పిన్ చేస్తాడు. రోప్ మీంచి గెంతి వెనక్కి తిరిగి వేసే ఆ డీడీటీ (తల పట్టి నేలకేసి కొట్టే దెబ్బ)ని స్లోలో చూడండి, ఎడ్డీ తల ఎక్కడుండాలో అక్కడే, అరక్షణం ముందే ఉంటుంది. అందుకునేవాడి పని సగం ఇక్కడే. రోప్స్ సంగతి కూడా ఉంది. ఆ షో నడిపిన డబ్ల్యూసీడబ్ల్యూ రింగ్‌లో ఉక్కు కేబుల్‌కి తొడుగేసిన రోప్స్, బిగువు ఎక్కువ. రెజిల్‌మేనియాలో మామూలు తాడుకి టేప్ చుట్టినవి, కొంచెం ఊగుతాయి. ఊగే తాడు మీద పాదం పెట్టి గెంతితే ఎత్తు అంచనా తప్పొచ్చు.

బుడోకాన్ భాను:
జపాన్ వైపు కూడా ఒక చూపు వెయ్యండి. ఆల్ జపాన్ కంపెనీ, టోక్యోలోని నిప్పాన్ బుడోకాన్ హాలు. ముందు 1994 జూన్ 3, మిసావా, కవాడా. తర్వాత 1995 జూన్ 9, మిసావా-కొబాషి జంట, కవాడా-టావే జంట. రెండో మ్యాచ్ ఒక్కటే చూస్తే సగమే దక్కుతుంది.

1994లో కవాడాని పడుకోబెట్టడానికి మిసావాకి టైగర్ డ్రైవర్ 91 కావాల్సొచ్చింది. రెండు చేతులూ వెనక కట్టేసి తల మీదకి దింపుతారు, చెయ్యి ఆనించుకునే వీలుండదు. అందుకే మిసావా దాన్ని ఏళ్ళకోసారి తప్ప తీయడు. అది బయటికొచ్చిందంటే మిగతావన్నీ అయిపోయాయని హాలంతటికీ తెలుసు. 1995కి వచ్చేసరికి మిసావా కంటి ఎముక విరిగి ఉంది, అంతకు రెండు నెలల ముందు కవాడా తన్నుకి. కొబాషి కాలికి కట్టు. అవతలి జంట ఒకరు కాలి మీద, ఒకరు కంటి మీద. చివర్లో కొబాషి కాలు పని చెయ్యక, మిసావా మీద అడ్డంగా పడుకుని దెబ్బలు తను కాస్తాడు. అది చూశాక కవాడా మిసావాని మొట్టమొదటిసారి పిన్ చేస్తాడు. 40 నిమిషాలు దాటిన మ్యాచ్, అరక్షణం కూడా దండగ లేదు.

జపనీస్ కామెంటరీ అర్థం కాదని భయపడకండి. గొంతు పెరిగితే ముఖ్యమైంది వస్తున్నట్టే.

గ్యాలరీ_సీను:
జపాన్‌లోనే ఒకాడా, ఒమేగా మ్యాచ్‌లు నాలుగూ ఏ వరసలో చూడాలి?

బుడోకాన్ భాను:
తేదీల వరసలోనే, దాటెయ్యొద్దు. 2017 జనవరి 4 టోక్యో డోమ్, 46 నిమిషాలు దాటింది. అందులో ఒమేగా తన ఫినిషర్ వన్ వింగ్డ్ ఏంజెల్ ఒక్కసారి కూడా వెయ్యలేకపోయాడు, అదే ఆ మ్యాచ్ అసలు కిటుకు. జూన్ 11 ఒసాకా, 60 నిమిషాల డ్రా. వేశాడు, ఒకాడా కాలు రోప్ మీద పడింది. ఆగస్టు 12, జీ1 టోర్నీ. అక్కడ టైమ్ లిమిట్ 30 నిమిషాలే కాబట్టి మొదట్నుంచే పరుగు, ఒమేగా గెలిచాడు. 2018 జూన్ 9, మూడింట రెండు ఫాల్స్, టైమ్ లిమిట్ లేదు, 64 నిమిషాల పైన. ఒక పట్టు పడకపోవడం, పడినా తప్పించుకోవడం, పడి గెలవడం, టైటిల్ పట్టుకుపోవడం. జనవరి మ్యాచ్ మానేసి నేరుగా 2018 చూస్తే ఆ పట్టుకి జనం ఎందుకంత కేకలేస్తారో అందదు.

ఒకాడా వైపు మణికట్టు చూడు. రెయిన్‌మేకర్ (మణికట్టు పట్టి లాగి చేత్తో మెడకి కొట్టే దెబ్బ) వేశాక కూడా చెయ్యి వదలకపోతే ఇంకోటి వస్తుందని అర్థం. ఒమేగా పడిపోతూ ఉంటే కెమెరా ఆ పట్టు మీదకే పోతుంది.

షార్ప్‌షూటర్ శారద:
ఆడవాళ్ళ మ్యాచ్ ఒక్కటీ రాకుండా ఇంతదూరం వచ్చారు, బాగుంది. 2015 ఆగస్టు 22, బ్రూక్లిన్, డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళ ఎన్‌ఎక్స్‌టీ టేకోవర్ షో, సాషా బ్యాంక్స్, బేలీ. బేలీ చేతికి కట్టు ఉంటుంది. సాషా దాన్ని పీకేసి మెట్ల మీద తొక్కుతుంది. తర్వాత బేలీ పట్టు పట్టిన ప్రతిసారీ ఆ వేళ్ళు చూడండి, ఒకసారి కూడా మర్చిపోదు. కాలికి దెబ్బ తగిలిందని కుంటి, రెండు నిమిషాల్లో పరిగెత్తే స్టార్లు ఈ మ్యాచ్ చూసి నేర్చుకోవాలి. అక్టోబర్ 7న 30 నిమిషాల ఐరన్ మ్యాన్ మ్యాచ్‌లో (గడువులోపు ఎక్కువ ఫాల్స్ గెలిచినవాళ్ళే విజేత) బేలీ 3-2తో నెగ్గుతుంది, చెయ్యి కథ అక్కడ తిరగబడుతుంది.

పాతవి కావాలంటే 1995 మే 7, మనామి టొయోటా, క్యోకో ఇనొవే, 60 నిమిషాల డ్రా. ఆ వేగం చూసి 2015 దగ్గర మొదలైందనుకునేవాళ్ళు నోరు మూసుకుంటారు.

కుర్చీదెబ్బ:
గంట మ్యాచ్‌లంటే గుర్తొచ్చింది, 1996 మార్చి 31 ఐరన్ మ్యాన్, బ్రెట్, షాన్. 60 నిమిషాలు 0-0, ఓవర్‌టైమ్‌లో తేలింది. నాకైతే మొదటి 40 నిమిషాలు నిద్రే.

షార్ప్‌షూటర్ శారద:
అందులో సగం ఒప్పుకుంటా. ఒక ఫాల్ కూడా లేకపోవడంతో నియర్ ఫాల్స్‌కి పదును పోయింది. ఫాల్ పడితే వెనకబడినవాడు తొందరపడాలి, ముందున్నవాడు కాచుకోవాలి. 0-0లో ఆ లాగుడు ఉండదు. బేలీ, సాషా ఐరన్ మ్యాన్ మ్యాచ్ అక్కడే నెగ్గింది.

మాస్క్_మనోహర్:
చూసే పద్ధతి గురించి నాలుగు ముక్కలు. హైలైట్ క్లిప్పులు వద్దు, వాటిలో మొదట కోసేది దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీనే, పని అంతా అక్కడే ఉంటుంది. అఫీషియల్ ఆర్కైవ్‌లో పాత ఈసీడబ్ల్యూ కంపెనీ షోలు చూస్తే చాలా చోట్ల ఎంట్రన్స్ పాటలు మార్చేశారు, హక్కుల గొడవ. జనం పాడుతున్న పాటకీ మనకి వినపడే పాటకీ పొంతన ఉండదు, కంగారు పడకండి. మొదటిసారి కామెంటరీతో, రెండోసారి సౌండ్ తగ్గించి. 2002 మార్చి 17 టొరంటో, రాక్, హోగన్ మాత్రం తలకిందులు. కామెంటరీ వదిలేసి జనాన్ని వినాలి. హీల్‌గా వచ్చిన హోగన్‌కి జేజేలు, రాక్‌కి బూలు. ఇద్దరూ అది విని అక్కడికక్కడే దారి మార్చుకున్నారు.

ఇంకో మాట, రెఫరీని చూడటం అలవాటు చేసుకోండి. పడిపోయినవాడి చెయ్యి పట్టుకుంటే ఎక్కువసార్లు బాగున్నాడా అని అడగటానికే. 2009 రెజిల్‌మేనియా 25లో అండర్‌టేకర్ రోప్ మీంచి దూకి, పట్టుకోవాల్సిన, కెమెరామ్యాన్ వేషంలో ఉన్న రెజ్లర్ అందుకోలేక తల మీద పడ్డాడు. ఆ క్షణంలో రెఫరీ ఎటు కదిలాడో, షాన్ ఎంత టైమ్ ఇచ్చాడో చూడండి.

గ్యాలరీ_సీను:
రెజ్లింగే చూడని మా ఫ్రెండ్‌కి ఒక్క మ్యాచ్ చూపించాలంటే?

మూడోకౌంట్:
రెజిల్‌మేనియా 10 ల్యాడర్ మ్యాచ్, రేజర్ రమోన్, షాన్ మైకేల్స్. పైన బెల్టులు వేలాడుతున్నాయి, కింద నిచ్చెన ఉంది, రూల్ చెప్పక్కర్లేదు. షాన్ వెంట వచ్చిన డీజిల్‌ని మొదట్లోనే బయటికి పంపేస్తారు, మిగిలింది ఇద్దరే. ఆఖర్లో షాన్ రోప్స్‌లో చిక్కుకుపోయి పైకి చూస్తూ ఉంటాడు, రేజర్ ఎక్కుతూ ఉంటాడు.

క్రేడిల్_కామేశం:
ఆ ఫ్రెండ్ 18 నిమిషాలు కూర్చుంటే, వెంటనే ఎడ్డీ, రే పెట్టు. క్లాష్ 6 మాత్రం మొదటి రోజే పెట్టకు సీనూ, మళ్ళీ మీ ఇంటికి రాడు.